ముద్ర లేని జాబు



గడచిన మాసమున ఈ పుటలో ఇంటి పద్దుపుస్తకమును గూర్చి వ్రాయుచు, రాబోవు సంచికలో పాతచీరలతో బొంతలు కుట్టు విధమును వివరించెదనని మాట యిచ్చితిని. ఆ మాట ఇప్పుడు తప్పుచున్నాను. బొంతలు మఱియొక మాసము ఆగగలవు గాని, మా వీధిలో ఒక యిల్లాలికి వచ్చిన అపవాదు ఆగునది కాకపోయెను. దానిని తొలగించుటకై ఇరువది దినములు నేను పడిన పాటును, అందు నేర్చుకొన్నదానిని ఈ మాసమున మీతో చెప్పుకొందును. ఇంట ఏదో యొకటి చేసి నాలుగు ఊళ్లకు పంపి జీవనము చేసికొను స్త్రీలు నేడు అనేకులు గలరు. వారిలో ఒక్కరికి ఉపకరించినను నా మాట తప్పిన దోషము తీరును.

మా యింటికి రెండిండ్ల అవతల పిన్నిగారు ఉన్నారు. నాకు రక్తసంబంధము లేదు. వీధిలో అందఱికిని ఆమె పిన్నిగారే. భర్త పోయి పండ్రెండేండ్లైనది. ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి చేసి అమ్మి, ఇద్దఱు కుమార్తెలకు పెండ్లిండ్లు చేసినది. నాలుగేండ్ల క్రిందట మావారి పూర్వశిష్యుడొకడు ఆమెకు ఇంటర్‌నెట్టులో ఒక చిన్న అంగడి కట్టి యిచ్చెను. కావలసినవారు అందు సరకు ఎన్నుకొని సొమ్ము చెల్లింతురు. సొమ్ము ముట్టిన వెంటనే "మీ సొమ్ము చేరినది, ఫలానా దినమున సరకు పంపుదుము" అని ఈ-మెయిలు జాబు ఒకటి దానంతట అదే వారికి పోవలయును. సరకు పోయిన దినమున రెండవ జాబు పోవలయును. పిన్నిగారి లెక్కలు వ్రాయుదానను నేను. జాబుల సంగతి మాత్రము నాలుగేండ్లలో ఒక్కసారియైనను చూచినదానను కాను. యంత్రము చూచుకొనుచున్నది గదా యని ఊరకుంటిని.

ఈ వైశాఖమున దూరపు నగరమునుండి ఒక యమ్మగారు ఆఱు కిలోల ఆవకాయ కోరి సొమ్ము కట్టిరి. వారి కుమార్తె చదువునకై విదేశమునకు పోవుచున్నది, దానితోడ పంపుటకట. రెండు దినములైనను వారికి జాబు రాలేదు. అంగడి పుటలో నున్న టెలిఫోను సంఖ్య ఎప్పుడో తీసివేసిన పాతది. వారేమనుకొందురు? ఇది దొంగకొట్టని పదిమందియు చదువుచోట వ్రాసి, తమ బ్యాంకునకు ఫిర్యాదు చేసిరి. సొమ్ము నిలిచిపోయినది.

ఆ సాయంకాలము పిన్నిగారు మా వీధియరుగుపై కూర్చుండి, "అమ్మాయీ, ముప్పది యేండ్లనుండి ఊఱగాయ పెట్టుచున్నాను. ఉప్పు తక్కువైనదన్నవారున్నారు, కారము మిక్కుటమన్నవారున్నారు. దొంగ యన్నవారు ఇంతవఱకు లేరు" అని కొంగు నోటికి అడ్డము పెట్టుకొనెను. సొమ్ము నిలిచినది గనుక సరకు పంపవలదని నేనంటిని. ఆమె వినలేదు. "ఆ పిల్ల దేశము విడుచునాటికి జాడీ చేరవలయును. సొమ్ము వచ్చిన వచ్చును, లేకున్న లేదు" అని మఱునాడే కట్ట కట్టించి పంపెను.

జాబు ఏమైనది? ఆ శిష్యుడు ఇప్పుడు వేఱు పట్టణమున ఉద్యోగములో నున్నాడు. రాత్రి అతనితో టెలిఫోనులో మాటాడితిని. "అమ్మగారూ, యంత్రము పంపినట్లే వ్రాసియున్నది, చూడుడు" అని దినచర్యపుస్తకము వంటి యొక దస్త్రమును నాచేత తెఱిపించెను. నిజమే, ఆ యమ్మగారి చిరునామా ఎదుట పంపినట్లు గుఱుతును, 250 అను సంఖ్యయు ఉన్నవి. పంపినది నిజము, చేరనిది నిజము. ఈ రెండు నిజములకు నడుమ ఏమి జరుగునో తెలిసికొనుటయే నా చదువైనది. నేను సంస్కృతాంధ్రములు తండ్రిగారియొద్ద ఇంటనే చదువుకొన్నదానను, యంత్రవిద్య ఎఱుగను. అయినను శాస్త్రగ్రంథము చదువువారికి ఓపిక యొకటి అలవడియుండును. ఒక పదము తెలియక పోయినచో ముందునకు పోక అచటనే కూర్చుండుట. ఆ యలవాటే ఇచట నాకు పనికివచ్చినది.

ఈ-మెయిలు నడక యిట్టిది. ఒక సర్వరు మఱియొక సర్వరు తలుపు తట్టి, తన పేరు చెప్పుకొని, ఈ జాబు ఫలానావారినుండి, ఫలానావారికి అని కవరు మీది మాటలు రెండు చెప్పి, పిమ్మట లోపలి జాబును అందించును. ఈ సంభాషణకు ఎస్.ఎమ్.టి.పి. యని పేరు. దాని నియమములను జొనాథన్ పోస్టెల్ అను పండితుడు 1982లో ప్రకటించెను. తలుపు లోపలివాడు ప్రతి మాటకును ఒక సంఖ్యతో బదులు చెప్పును. 250 యన్నచో సరే యని యర్థము. 4తో మొదలగు సంఖ్య చెప్పినచో "ఇప్పుడు వీలులేదు, కొంతసేపటికి రమ్ము" అని. 5తో మొదలైనచో "పుచ్చుకొనను, మరల రావలదు" అని. అందు 550 తఱచుగా అట్టి పేరుగలవారు ఇచట లేరను సందర్భమున వినవచ్చును.

ఇందు కవరు వేఱు, జాబు వేఱు అను మాట మఱవరాదు. పోస్టుకవరు మీద ఒకరి పేరు వ్రాసి లోపల మఱియొకరు చేవ్రాలు చేయవచ్చునట్లే, ఇచటను కవరు మీది పంపినవారి పేరు ఒకటి, చదువరికి కనబడు పేరు ఇంకొకటి కావచ్చును. పోస్టెల్ గారి కాలమున ఈ యంత్రములున్నవారు కొలదిమంది, ఒకరినొకరు ఎఱిగినవారు. నీవు నీవేనా యని అడుగవలసిన పని లేకుండెను. పిమ్మట లోకమంతయు వచ్చి చేరినది. దానితో దొంగలును వచ్చిరి. బ్యాంకు పేరు పెట్టుకొని ఎవడైనను ఎవరికైనను జాబు వ్రాయగలిగెను. కావుననే నేడు జాబు పుచ్చుకొను సంస్థలు తలుపుకడ 250 అని మర్యాదగా పుచ్చుకొనియు, లోపలికి తీసికొనిపోయి అనుమానపు జాబులను స్పామ్ అను వేఱొక అఱలో పడవేయుచున్నవి. తలుపు కడ నిలిచిన మనకు ఆ సంగతి తెలియదు. మా దస్త్రములోని 250కి అర్థము ఇంతే.

మఱునాడు నేను ఆ నగరపు అమ్మగారికి టెలిఫోను చేసితిని. మొదట వారు కటువుగానే మాటాడిరి, తప్పు పట్టను. సరకు కట్ట సంఖ్య చెప్పి, దయచేసి స్పామ్ అఱ ఒక్కసారి చూడుమని వేడుకొంటిని. కొంతసేపు మౌనము. "రెండు జాబులును ఇందున్నవి" అనిరి. వ్రాసిన మాట తొలగించెదమని తామే చెప్పి, ఆ రాత్రియే తొలగించిరి. సొమ్ము మాత్రము బ్యాంకువారి విచారణ ముగిసి చేతికి వచ్చుటకు పందొమ్మిది దినములు పట్టినది.

మా జాబు అనుమానమునకు పాత్రమగుటకు కారణములు రెండు. మొదటిది, మా అంగడి అద్దెకు తీసికొన్న యంత్రముమీద ఎన్నో యితర అంగళ్లును ఉన్నవి. అందఱి జాబులును ఒకే వాకిటినుండి పోవును. వారిలో ఎవడో దుర్జనుడు వేలకొలది పిచ్చిజాబులు పంపినచో వాకిటికే చెడ్డపేరు వచ్చును. ఒకే సత్రములో దిగినందుకు దొంగతోపాటు యాత్రికునికిని తనిఖీ తప్పనట్లు. రెండవది, ఈ జాబు నిజముగా పిన్నిగారి అంగడినుండియే వచ్చినదని చూపు గుఱుతు ఏదియు దానిపై లేదు.

మొదటిదానికి మందు రిలే సేవ. జాబులు మోయుటయే వృత్తిగా గల సంస్థలివి. మన యంత్రము తాను నేరుగా ఊరూర తిరుగక, జాబును వీరి చేతికిచ్చును. వీరు తమ మంచిపేరుగల వాకిళ్లనుండి గమ్యమునకు చేర్తురు. చేరినది, తిరిగివచ్చినది, పుచ్చుకొన్నవారు విసుగుకొన్నది, అన్నియు లెక్క చెప్పుదురు. సెండ్‌గ్రిడ్ 2009లో, అమెజాన్ వారి ఎస్.ఇ.ఎస్. 2011లో ఆరంభమైనవి, మెయిల్‌గన్, పోస్ట్‌మార్క్ అనునవియు ఇట్టివే. ఎస్.ఇ.ఎస్.లో వేయి జాబులకు పది అమెరికా సెంట్లు రుసుము. కొత్తగా చేరినవారిని వారు పరీక్షాస్థితిలో నుంచుదురు: ఇరువదినాలుగు గంటలలో 200 జాబులకు మించరాదు, అవియు ముందుగా రుజువుపఱచిన చిరునామాలకే పోవలయును, పని యేమో వివరించి అర్జీ పెట్టుకొన్న పిమ్మట వదలుదురు. మేము కుదుర్చుకొన్న సేవ పేరు చెప్పను, ప్రకటన యనుకొందురు.

"రోజుకు నలుబది జాబులు పంపు అంగడికి ఇంత యేల? జీమెయిలునుండియే పంపరాదా?" అని మీలో నెవరైనను అడుగవచ్చును. నేనును అడిగితిని. సొంతవాడుక జీమెయిలులో దినమునకు 500 జాబుల హద్దు కలదు, మాకది చాలును. అయితే ఆ జాబు అంగడి పేరుతో గాక జీమెయిలు పేరుతో పోవును. మఱియు మన సొంత ఉత్తరములుండు పెట్టె తాళమును ఆ యంత్రమునకు ఇచ్చినట్లగును. ఇంటి తాళపుగుత్తిని పాలవాని చేతికిచ్చుట నాకు ఇష్టము లేకపోయెను.

రెండవ కారణమునకు మందు మూడు చిన్న వ్రాతలు. ఇవి మన డొమైను పేరు నమోదైన డి.ఎన్.ఎస్. అను బహిరంగ పట్టికలో వ్రాయవలయును. ఎవరైనను చదువవచ్చును గాని, డొమైను యజమాని మాత్రమే వ్రాయగలడు. దాని బలమంతయు అందే యున్నది.

మొదటి వ్రాత ఎస్.పి.ఎఫ్. మన యింటి పేర సరకు తెచ్చుకొనుటకు ఎవరెవరిని పంపుదుమో కొట్టువానికి ముందే చీటి వ్రాసి యిత్తుము గదా, అట్టిది. మా పేరుతో జాబు మోయుటకు అనుమతిగలవారు వీరు, తక్కినవారు కారు అని అందుండును.

రెండవది డి.కె.ఐ.ఎమ్. ఇది ముద్ర. దీనిని నేను మన కథతోనే గ్రహించితిని. అశోకవనమున ఆంజనేయుడు రామకథ చెప్పినను సీతమ్మ వెంటనే నమ్మలేదు. మాయావేషము వేసిన రావణుడేమో యని శంకించినది. మాటలు నేర్చినవాడెవడైనను కథ చెప్పగలడు. ముద్రిక మాత్రము రాముని చేతిదే. ఇచట ముద్ర రెండు భాగములు. రహస్యమైన అచ్చు రిలేవారి యంత్రమున నుండును. దానితో ప్రతి జాబునకు, ఆ జాబులోని మాటలనుబట్టి, ఒక గుఱుతు వేయబడును. ఆ గుఱుతు సరియైనదో కాదో పరీక్షించుటకు కావలసిన రెండవ భాగము బహిరంగ పట్టికలో నుండును. పరీక్షింపగలవాడు ముద్ర వేయలేడు. ఇదియే ఇందలి చమత్కారము. దారిలో ఎవడైనను సొమ్ము అంకె మార్చినచో గుఱుతు సరిపోదు.

మూడవది డి.మార్క్. చదువరికి కనబడు పేరునకు అనుమతి చీటిగాని ముద్రగాని సరిపోని జాబు వచ్చినచో ఏమి చేయవలయునో పుచ్చుకొనువారికి మనమిచ్చు ఆజ్ఞ యిది. ఊరక చూచి మాకు తెలుపుడు అని యొక మెట్టు, స్పామ్ అఱలో వేయుడు అని రెండవ మెట్టు, త్రిప్పి కొట్టుడు అని మూడవ మెట్టు. ఈ మూడింటి విధానములు వరుసగా 2006, 2007, 2015 సంవత్సరములలో ప్రకటింపబడినవి. 2024 ఫిబ్రవరినుండి గూగుల్, యాహూ సంస్థలు, పెద్దసంఖ్యలో జాబులు పంపువారికి ఈ మూడును ఉండితీరవలెనని నిర్బంధించినవి. గూగుల్ వారి లెక్కలో దినమునకు 5,000 జాబులు. మా వంటి చిన్నవారికిని ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎమ్.లలో ఒక్కటియైనను ఉండవలయును. పిన్నిగారి అంగడికి రెండును లేకుండెను.

ఇక నా తప్పులు చెప్పవలయును. పట్టికలో వ్రాయుటకు ఒక మధ్యాహ్నము చాలునని శిష్యుడు చెప్పెను. నాకు నాలుగు దినములు పట్టినది. అనుమతి చీటి విషయమై నేను పాత వ్రాత ఒకటి యున్నదని గమనింపక, దాని ప్రక్కనే కొత్త వ్రాత చేర్చితిని. రెండు చీటీలు, రెండును ఇదియే మా పూర్తి జాబితా యనుచున్నవి! కొట్టువాడు దేనిని నమ్మును? నియమము ప్రకారము ఒక డొమైనుకు ఎస్.పి.ఎఫ్. వ్రాత ఒకటియే యుండవలయును. రెండున్నచో రెండును చెల్లవు. పాతదానిలోనే రిలేవారి పేరును ఇమిడ్చి, కొత్తదానిని తుడిచివేయవలసినది. ఆ పేర్లును విచ్చలవిడిగా చేర్చరాదు. పుచ్చుకొనువాడు ఈ జాబితాకై పట్టికలో పదిసారులకు మించి వెదుకడు.

ముద్ర విషయమై మఱియొక పొరపాటు. రిలేవారు ఇచ్చిన వ్రాతపేరు చివర మా డొమైను పేరుకూడ ఉన్నది. నేను దానిని అక్షరము పొల్లుపోకుండ, పాఠము అప్పగించినట్లు, అంతయు వ్రాసితిని. మా పట్టికవారి పుటయో, డొమైను పేరును తానుగా చివర తగిలించును. ఫలితముగా అంగడి పేరు రెండుమాఱులు పడినది. ముద్ర ఎచటనున్నదో వెదకువారికి కనబడలేదు. రెండు దినములు "ఇంకను రుజువు కాలేదు" అను మాటయే చూచుచు, పట్టిక వ్రాతలు లోకమంతయు వ్యాపించుటకు కాలము పట్టును గాబోలునని కూర్చుంటిని. కాలము పట్టుమాట నిజమే. ప్రతి సర్వరును పాతవ్రాతను కొంతసేపు జ్ఞాపకముంచుకొనును. అందుచేతనే తప్పు చేసినవాడు తప్పని తెలియక వేచియుండుటకు అవకాశము హెచ్చు. మూడవనాటి రాత్రి మావారు పిల్లల పరీక్షాపత్రములు దిద్దుచు నా భుజముమీదుగా చూచి, "పునరుక్తిదోషము" అనిరి. ఆయనకు యంత్రము తెలియదు, దోషము తెలియును.

సరిచేసిన పిమ్మట నాకే యొక జాబు పంపుకొని, దాని అసలు రూపమును తెఱచి చూచితిని. జీమెయిలులో జాబు ప్రక్కనున్న మూడు చుక్కలను నొక్కినచో అందులకు వీలు కలదు. ఎస్.పి.ఎఫ్. పాస్, డి.కె.ఐ.ఎమ్. పాస్, డి.మార్క్ పాస్ అని మూడును వరుసగా నుండెను. పరీక్షాఫలితములు చూచుకొను పిల్లవలె మూడుసారులు చదివితిని.

అటుపిమ్మట అంగడి యంత్రమునకు రిలే చిరునామా చెప్పవలసి వచ్చినది. ఇందులకు సర్వరు పేరు, ద్వారసంఖ్య, ప్రవేశనామము, రహస్యపదము కావలయును. సర్వరులు తమలో తాము మాటాడుకొను ద్వారము 25. అద్దె యంత్రములవారు పలువురు దానిని మూసియుంతురు, దొంగజాబులు పోకుండ. మన వంటివారు రిలేకు అప్పగించు ద్వారము 587. అందు మాట బహిరంగముగా ఆరంభమై పిమ్మట రహస్యభాషలోనికి మాఱును. 465వ ద్వారమున మొదటినుండియే రహస్యము. ఏదైనను సరే, రహస్యభాష లేక పంపు ఏర్పాటును మాత్రము ఒప్పుకొనకుడు.

రహస్యపదమును గూర్చి నాకును శిష్యునకును చిన్న వాదము జరిగినది. అతడు దానిని అంగడి ప్రోగ్రాములోనే, తక్కిన మాటల నడుమ వ్రాసెను. ఆ ప్రోగ్రాము ప్రతి యొకటి అతని స్నేహితునియొద్ద నున్నదట. ముద్రారాక్షస నాటకమున జరిగినదేమి? రాక్షసమంత్రి ఉంగరపుముద్ర చాణక్యుని చేతబడినది. తాను వ్రాయించిన కూటలేఖపై ఆ ముద్ర వేయించి, రాక్షసుని ఆశ్రయమునకే ముప్పు తెచ్చెను. ముద్ర సత్యమే, జాబు అసత్యము. రిలే రహస్యపదము పరులచేత పడినచో వారు పంపు ప్రతి మోసపు జాబుమీదను పిన్నిగారి ముద్ర నిక్షేపముగా పడును. పుచ్చుకొనువారు శంకింపనైనను శంకింపరు. ఈ కథ చెప్పగా అతడు నవ్వి, "ఈ నాటకము మా కళాశాలలో చెప్పవలసినది, అమ్మగారూ" అని, పాత రహస్యపదమును రద్దుచేసి, క్రొత్తదానిని ప్రోగ్రామునకు వెలుపల, యంత్రము మాత్రమే చదువుచోట నుంచెను.

జాబులోని మాటలు చూచినప్పుడు నాకు నవ్వును కోపమును వచ్చినవి. "మీ ఆర్డరు విజయవంతముగా ఉంచబడినది" అని యుండెను. ఎచట నుంచబడినది? అటుకమీదనా? ఎవరో ఇంగ్లీషు మాటను తలక్రిందులుగా తెచ్చి పెట్టిరి. నాలుగేండ్లు పిన్నిగారి పేర ఈ తెలుగు ఊరూర తిరిగినది. కొట్టివేసి, "మీరు పంపిన సొమ్ము ముట్టినది. ఆవకాయ ఆఱు కిలోలు బుధవారము కట్ట కట్టి పంపెదము" అని వ్రాసితిని. క్రింద సరకు సంఖ్య, సొమ్ము, పిన్నిగారి ఇప్పటి టెలిఫోను సంఖ్య. బొమ్మలు లేవు. "ఈ జాబునకు ప్రత్యుత్తరమీయవలదు" అను వాక్యమును తీసివేయించితిని. గుమ్మమున నిలబడి పలుకరించి, బదులు చెప్పబోవగా తలుపు వేసినట్లు. ప్రత్యుత్తరము పిన్నిగారి పెట్టెకే వచ్చునట్లు ఏర్పాటు చేసితిమి.

మాగాయ తగ్గింపుధర ప్రకటనను కూడ ఈ జాబు క్రిందనే తగిలింపుమని ఆమె చిన్నకుమార్తె అడిగినది. కూడదంటిని. రసీదు వంటి జాబు పుచ్చుకొనువారు కోరి ఎదురుచూచునది. ప్రకటన మనము కోరి పంపునది. రెండును కలిపినచో, ప్రకటనకు విసిగినవారు స్పామ్ అని నొక్కిన ప్రతిసారియు రసీదుకే చెడ్డపేరు. గూగుల్ వారు ఇట్టి ఫిర్యాదులు వేయింట మూడు కాకుండ చూచుకొనుమనుచున్నారు, ఒకటికి లోబడియుండిన మేలట. ప్రకటనలకు వేఱొక ఉపనామమున వేఱు ఏర్పాటు చేసికొనవలయును, అదియు ఒప్పుకొన్నవారికే.

తిరిగివచ్చు జాబుల సంగతియు అంతే. కొనువారు తొందరలో తమ చిరునామాలో ఒక అక్షరము తప్పు కొట్టుదురు; జాబు 550తో తిరిగివచ్చును. మా పాత యంత్రము అట్టి చిరునామాకు మాటిమాటికి పంపుచునే యుండెను. లేనివారి తలుపు పదేపదే తట్టువాడు మంచివాడని ఎవరనుకొందురు? ఎస్.ఇ.ఎస్. వారు తిరుగుజాబులు నూటికి ఐదైనచో విచారణలో పెట్టుదురు, పదైనచో పంపుటనే నిలిపివేయవచ్చును. రిలేవారు ఇట్టి చిరునామాలను తామే యొక పట్టీలో వ్రాసి మరల పంపరు. నేను మఱియొకటి చేసితిని. జాబు తిరిగివచ్చిన వెంటనే ఆ వార్త నా సెల్‌ఫోనుకు వచ్చును. కొన్నవారికి ఆ దినమే మాట చెప్పుదును. ఇప్పటికి ఏడుగురితో అట్లు మాటాడితిని. అందఱిలో ఒక్కరికి మాత్రమే కోపము వచ్చినది, అదియు తమ చేతివ్రేళ్లమీద.

డి.మార్క్‌ను ప్రస్తుతము ఊరక చూచి తెలుపుడు అను మెట్టుననే యుంచితిని. పుచ్చుకొను సంస్థలనుండి వచ్చు నివేదికలు చూచుచున్నాను. మా పాత అద్దె యంత్రము ఇంకను నెలకొక లెక్కల జాబును ముద్ర లేక పంపుచున్నట్లు అందుచేతనే తెలిసినది. దానినికూడ దారికి తెచ్చిన పిమ్మటనే మెట్టు పెంచెదను. తొందరపడినచో మన జాబులను మనమే త్రిప్పికొట్టించుకొన్నవారమగుదుము.

మొన్న పిన్నిగారు సెల్‌ఫోను పట్టుకొని వడివడిగా వచ్చెను. జాడీలు చేరిన నాటి జాబునకు ఆ నగరపు అమ్మగారు ప్రత్యుత్తరము వ్రాసిరి. మూతలు గట్టిగా నున్నవట, నూనె కాఱలేదట. సంచి బరువు హద్దు మీఱుటచే అమ్మాయి సగము తీసికొని, సగము ఇంట విడిచి పోయినదట. మాగాయ ఎప్పుడు పెట్టుదురని అడిగిరి. తొందరపడి వ్రాసినందుకు మన్నింపుమని చివర ఒక పంక్తి. నేను ఆ పంక్తిని రెండుసారులు చదివి వినిపించితిని. పిన్నిగారు దానిని విన్నట్లే లేదు.

"సగమేనా తీసికొనిపోయినది? అక్కడ పిల్ల యేమి తినును?" అని, విమానములో ఎంత బరువు ఒప్పుదురో కనుక్కొని, మిగిలిన సగము పంపు మార్గము వ్రాయుమని నన్ను అచటనే కూర్చుండబెట్టెను.

బొంతల సంగతి వచ్చు మాసమున.